సింహాసనం మీద ఇప్పుడెవరు

రాజు, రాజు, రాజు అని మార్జరీ లోలోపల అనుకుంటూనే ఉంది, పరీక్ష తనకే అయినట్టు. పరీక్ష తనకు కాదు, పక్క కుర్చీలో కూర్చున్న మొగుడు నార్మన్‌కు. అతను కోటు గుండీలన్నీ పెట్టుకుని, టోపీ మోకాలి మీద బోర్లించి, బస్సు ఆలస్యమైతే మాత్రం కొంపేం మునిగింది అన్నట్టు నిమ్మళంగా గోడకేసి చూస్తున్నాడు. గోడ మీద పెద్ద గడియారం, దాని కింద లావాటి అక్షరాలతో వారమూ తేదీ రాసిన పలక. ఆసుపత్రిలో ఈ మతిమరుపు విభాగానికి వచ్చేవాళ్ళకు సాయంగా పెట్టారో, వాళ్ళను పట్టుకోవడానికే పెట్టారో మార్జరీకి అర్థం కాలేదు. అదిగో అక్కడ రాసుంది, లోపల అడుగుతారు, చూసి పెట్టుకో అని మోచేత్తో పొడవబోయింది గానీ, ఎదురుగా కూర్చున్నావిడ గమనిస్తుందని ఊరుకుంది. ఈ దేశంలో ప్రాణం పోతున్నా సరే, పక్కవాళ్ళకు ఇబ్బంది కలగకుండా పోవాలి. పిలవడానికి ఇంకా గంట ఉంది. చెప్పిన వేళకు గంట ముందే రావడం మార్జరీ అలవాటు, పెళ్ళినాడు కూడా చర్చికి పాస్టరు కంటే ముందే వెళ్ళి కూర్చుందని నార్మన్ యాభై ఏళ్ళుగా తను వాయించే బ్యాండు వాళ్ళందరికీ చెప్పుకుని నవ్వేవాడు. ఈమధ్య చెప్పడం లేదు. ఎప్పుడు మానేశాడో కూడా ఆవిడ గమనించలేదు, దండెం మీంచి ఒక గుడ్డ ఎగిరిపోతే వెంటనే తెలియదు కదా, బీరువా తీసి వెతికినప్పుడు తెలుస్తుంది.

పక్కింటి బెరిల్ చెప్పింది, వాళ్ళాయనకు కిందటేడు ఇదే పరీక్ష చేశారట. "ఏడాది అడుగుతారే, నెల అడుగుతారు, ఒక అడ్రసు చెప్పి కాసేపాగి మళ్ళీ చెప్పమంటారు, ఆ తర్వాత సింహాసనం మీద ఎవరున్నారంటారు. మా ఆయన అదొక్కటీ తప్పాడు. తప్పడా మరి? నేనే తప్పుతా." అప్పట్నుంచి మార్జరీ వారం రోజులు పొద్దున టీ దగ్గర నార్మన్‌ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. సింహాసనం మీద ఎవరున్నారు నార్మన్? రాణి, అనేవాడు రొట్టెకు వెన్న రాస్తూ, ఇదేం ప్రశ్న అన్నట్టు. రాణి పోయింది, ఇప్పుడు వాళ్ళబ్బాయి, రాజు. అవునవును పాపం, పోయింది కదూ, అని కత్తి పక్కన పెట్టేసేవాడు. అతనికి ఆ కబురు ప్రతి పొద్దునా కొత్తే. ప్రతి పొద్దునా ఆవిడే చావు కబురు చెప్పాలి, అతను ప్రతి పొద్దునా అంతే బాధపడాలి. నాలుగో రోజుకు మార్జరీకి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మానలేదు. రాజు, నార్మన్. రాజు. చెప్పు. రాజు, అనేవాడు బుద్ధిగా. పావుగంట పోయాక అడిగితే మళ్ళీ రాణే.

అయినా ఎవరు తప్పలేదు గనక. కిందటి నవంబరులో యుద్ధంలో పోయినవాళ్ళ స్మారకం దగ్గర వానలో నిలబడి జాతీయ గీతం పాడుతూ మార్జరీ తానే రాణి అని పాడేసి నాలిక్కరుచుకుంది, చూస్తే పక్కనున్న మేయరూ అదే పాడుతున్నాడు. పాస్టరు ప్రార్థన మధ్యలో రాణి అని, ఆగి, దగ్గి, రాజు అన్నాడు. డెబ్బై ఏళ్ళు ఒకే మాట అన్న నోళ్ళు అవి. దేశం మొత్తానికి నోట్లో పన్ను ఊడినట్టుంది, ఊడిందని తెలుసు, అయినా నాలుక అక్కడికే పోతుంది. అందుకు మేయరును ఎవరూ ఆసుపత్రికి పంపలేదు. అదే తప్పు నార్మన్ చేస్తే మాత్రం కాగితం మీద సున్నా పెడతారు, ఆ సున్నాలన్నీ కూడి ఒక జబ్బు పేరు పెడతారు, పేరంటూ పెట్టాక ఆ మనిషి ఇక నార్మన్ కాడు, ఆ పేరు గలవాడు. మార్జరీకి కావలసిందల్లా ఒక్కటే, ఆ పేరు ఇవాళ పెట్టకూడదు.

"మార్జీ, బస్సు వచ్చే వేళైందా?" అన్నాడు నార్మన్.

"బస్సు కాదు, కార్లో వచ్చాం. జిలియన్ దింపింది."

"మంచి పిల్ల," అన్నాడు. కూతురని తెలిసి అన్నాడో, దారిన పోయే పిల్లనుకుని అన్నాడో ఆవిడ అడగలేదు.

అడగకపోవడంలో ఆవిడ ఈ ఏడాదంతా ఆరితేరింది. అతని వాక్యాలకు తోకలు తగిలించడం, అంగడికి పోతే వెనకాలే నిలబడి మనుషుల పేర్లు ముందుగా తానే పలకడం, అదిగో బెరిల్ వస్తోంది నార్మన్ అని, బట్టలు తొడుక్కునే వరసలో మంచం మీద పరచడం. జనవరిలో ఒక పొద్దున లేచి చూస్తే పక్కన లేడు. కోటు లేదు, టోపీ లేదు. ఆవిడ ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే వీధిలోకి పరుగెత్తింది, చివరికి సూపర్‌మార్కెట్ కార్లు నిలిపే చోట కనబడ్డాడు, తలుపులు ఇంకా తీయలేదు, గేటు కాసేవాడి కోసం చూస్తున్నాడు. ఒకప్పుడు అక్కడ నేతమిల్లు ఉండేది. నార్మన్ అందులో మగ్గాలు బాగుచేసే మేస్త్రి, పడుగు తెగినా నాడె విరిగినా అతన్నే కేకేసేవాళ్ళు, మిల్లు పడగొట్టి ముప్పై ఏళ్ళయింది. "ఆలస్యమైపోయిందే, జీతం కోస్తారు," అన్నాడు ఆవిడను చూసి. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని, ఇవాళ సెలవు నార్మన్, అంది. ఆ మాట జిలియన్‌కు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటమే ప్రేమ అనుకుంది, ఇక్కడ పెంపకమే అలాంటిది, కాలు విరిగినవాణ్ణి ఎలా ఉన్నావంటే ఫర్వాలేదు అంటాడు, ఇంకో కాలు ఉందిగా అంటాడు.

కిటికీలోంచి పెండిల్ కొండ కనిపిస్తోంది, నెత్తిన మబ్బు వేసుకుని. అది కనిపిస్తే వాన రాబోతోందనీ కనిపించకపోతే వస్తోందనీ నాన్న అనేవాడు. నాన్న సెత్, నేత కార్మికుడు, సంఘం మనిషి, రాజులూ రాణులూ అంటే ఒంటికి కారం రాసుకున్నట్టుండేది ఆయనకు. రాణికి కిరీటం పెట్టే రోజు వీధి వీధంతా మిసెస్ ఎకర్స్‌లీ ముందు గదిలో దూరింది, ఆ చుట్టుపక్కల ఉన్నది ఆ ఒక్క టీవీ, తెర చూస్తే టీ పళ్ళెమంత, తలుపు తెరలన్నీ దించి, పిల్లల్ని నేల మీద, పెద్దల్ని మెట్ల మీద కూర్చోబెట్టారు. మార్జరీకి ఎనిమిదేళ్ళు. తడి ఉన్ని కోట్ల వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది, ఆ రోజంతా వానే. నాన్న రాలేదు. కూరగాయల దొడ్డికి పోయి, వానలో తడుస్తూ ఉల్లికాడలు పెరికాడు, ఆయన నిరసన అది. సాయంత్రం వచ్చి, బూట్లు విప్పుతూ, ఎవరినీ చూడకుండా, "బరువుంటుందా అది?" అన్నాడు. ఏది, అంది అమ్మ. "అదే, నెత్తిన పెట్టింది. ఇరవైయ్యేడేళ్ళ పిల్ల. మెడ పట్టేస్తుంది పాపం." అని, ఆ మాట అన్నందుకు తన మీద తనకే కోపం వచ్చి, విప్పిన బూట్లు మళ్ళీ తొడుక్కుని దొడ్డికి పోయాడు. ఆ తర్వాత పాతికేళ్ళకు రాణి కారు తమ ఊరి మీదుగా పోతుందంటే నార్మన్ బ్యాండుతో నిలబడ్డాడు, మార్జరీ జిలియన్‌ను చంకనెత్తుకుని నిలబడింది, పొద్దుట్నుంచి నిలబడితే కనిపించింది ఒక్క పసుపు టోపీ, అదీ రెప్పపాటు. నాన్న రానని రానని, చివరికి వచ్చి అందరికన్నా వెనక నిలబడ్డాడు. కారు పోయాక వెనక్కి తిరిగి చూస్తే ఆయన నెత్తిన టోపీ లేదు, చేతిలో ఉంది. "చెమట పట్టింది," అన్నాడు. జూన్‌లో కూడా ఉన్ని కోటు విప్పని లాంకషైర్‌లో చెమట. నార్మన్ ఆ మాట పట్టుకుని ఆయన పోయేదాకా ఏడిపించాడు. మామా, ఇవాళ చలిగా ఉంది, మరి చెమట పట్టలేదా?

పసుపు టోపీ. వెనకవాళ్ళక్కూడా కనపడాలని అలాంటి రంగులు వేసుకునేదట రాణి. మార్జరీకి అది నచ్చేది, అలంకారం కాదది, పని. మిల్లులో పెరిగిన పిల్లకు పని కనిపిస్తే తెలుస్తుంది. అలిసిపోయానని ఒక్కనాడు అనకుండా, ఎవరి మీదా ఏ అభిప్రాయమూ బయట పెట్టకుండా, వంతెనలు తెరిచి, మొక్కలు నాటి, ముక్కూ మొహం తెలియని వాళ్ళ చేతులు పట్టుకుని, డెబ్బై ఏళ్ళు. మొగుడి అంత్యక్రియల్లో మూతికి గుడ్డ కట్టుకుని, అంత పెద్ద చర్చిలో ఒక్కతే, ఒక పక్కగా కూర్చుంది, కరోనా రోజుల్లో అందరికీ పెట్టిన కట్టుబాటే తనకూ పెట్టుకుని. ఆ బొమ్మ టీవీలో చూసి మార్జరీ ఏడ్చింది, తన అక్క పోయినప్పుడు కూడా చర్చిలో పదిమందిని మించి రానివ్వలేదు, అప్పుడు ఏడవలేదు, ఈవిడను చూసి తన అక్క కోసం ఏడ్చింది. చివర్న, ఇంకో రెండు రోజుల్లో పోతుందనగా, చేతికర్ర ఆనుకుని నిలబడి, చెయ్యి నల్లగా కమిలిపోయి ఉంది, కొత్త ప్రధాని చేత పని మొదలుపెట్టించి, నవ్వి, అప్పుడు పోయింది. నాన్న ఉంటే ఏమనేవాడు? ఏమీ అనేవాడు కాదు, టోపీ తీసేవాడు. రాజులుండాలా వద్దా అని జిలియనూ దాని పిల్లలూ భోజనం దగ్గర వాదించుకుంటారు, రెండు పక్కలా న్యాయముందనే మార్జరీకి అనిపిస్తుంది, ఒక ఇంట్లో పుట్టినందుకే ఒకరు గొప్ప కావడమేమిటి, నిజమే. కానీ ఒక మాట ఇచ్చి దాన్ని చచ్చేదాకా మోసిన మనిషిని చూడటానికి ఒక చోటు ఉండాలి, ఆ చోటు ఎంత ఎత్తున ఉంటే అంత మంచిది, వెనకవాళ్ళక్కూడా కనిపిస్తుంది.

ఎదురుగా ఉన్నావిడను లోపలికి పిలిచారు. మార్జరీ గడియారం చూడలేదు, చూస్తే ఇంకా భయం. నార్మన్ గొంతులో ఏదో రాగం తీస్తున్నాడు, పెదవులు కదపకుండా, వేళ్ళు మాత్రం టోపీ మీద మెట్లు నొక్కుతున్నాయి. యుఫోనియం వాయించేవాడు, బ్యాండులో ఉన్న కడుపు లావు బూరా. రాగాలు ఒక్కటీ మర్చిపోలేదు. మనుషుల పేర్లు పోయాయి, రాగాలు పోలేదు. ఆ బ్యాండుకు అతను అధ్యక్షుడు కూడా, వాళ్ళ నాన్న తర్వాత అతనే. ఏటా విందు జరిగినప్పుడు మాంసం తిని, పుడ్డింగు తిని, రాణి పేర గ్లాసెత్తేదాకా ముట్టించకూడదు గనక పొగ తాగేవాళ్ళు ఎప్పుడెప్పుడా అని జేబులు తడుముకుంటుంటే, నార్మన్ లేచేవాడు. లేవగానే హాలు సద్దుమణిగేది. గ్లాసు గుండె ఎత్తుకు ఎత్తి, "రాణి గారు. లాంకాస్టర్ డ్యూకు," అనేవాడు. అంతే. అందరూ లేచి అదే మాట తిరిగి అని తాగేవాళ్ళు. ఉపన్యాసం లేదు, పొగడ్త లేదు. ఆడమనిషిని డ్యూకు అనడమేమిటని పెళ్ళైన కొత్తలో మార్జరీ నవ్వితే, "రాణి ఎక్కడికైనా రాణి, మన లాంకషైర్‌కి మాత్రం డ్యూకు, మనది అనుకోవడానికి మనకో పేరుండొద్దా?" అన్నాడు. ఆ మాట అనే ముందు అతని మొహంలో ఒక మార్పు వచ్చేది, మగ్గం నూనె, ఇంటి అద్దె, బ్యాండు వాళ్ళ తగాదాలు, అన్నీ జారిపోయి చక్కగా దువ్విన తలలా అయ్యేది మొహం. ఆ మొహాన్నే ఆవిడ పెళ్ళి చేసుకుంది నిజానికి. నిన్ను ప్రేమిస్తున్నానని అతను ఎన్నడూ అనలేదు, ఆవిడా అనలేదు, టీ పెట్టనా అనేవాడు. పురుటి నొప్పులప్పుడూ టీ పెట్టనా అన్నాడు. పెద్ద సంగతులు రెండు మాటల్లో సర్దేసి కూర్చునే జనం వీళ్ళు, బహుశా అందుకే పైన కూడా అలాంటి మనిషినే చూసుకుని మురిసిపోయారు. రాణి పోయిన ఏడు విందులో నార్మన్ లేచాడు, గ్లాసెత్తి హాలంతా చూశాడు. మార్జరీ కింద నుంచి రాజు, రాజు అని పెదవులతో చూపించింది. అతను రాణి గారు అన్నాడు. అందరూ లేచారు, ఒక్కరూ నవ్వలేదు, రాణి గారు అన్నారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. కావాలనే అన్నాడనుకున్నారు. మార్జరీకి అప్పుడే తెలిసింది, కావాలని అనలేదని.

"హార్‌గ్రీవ్స్ గారూ, నార్మన్ గారూ, లోపలికి రండి."

డాక్టరు చిన్న పిల్ల, జిలియన్ కూతురంత ఉంటుంది. డాక్టర్ అడెయెమి అని తలుపు మీద ఉంది. పేరు ఏ దేశానిదో గానీ మాట మాత్రం దక్షిణాది కెంట్‌ది, మార్జరీకి ఆ రెండోదే దూరదేశంగా తోచింది. చెయ్యి కలిపి, కుర్చీ చూపించి, "మీరు వెనక కూర్చోండమ్మా, నేను అడిగేటప్పుడు మాత్రం మీరు జవాబు అందించకూడదు, సరేనా?" అంది నవ్వుతూ. ఇలాంటి పెళ్ళాలను చాలామందిని చూసినట్టుంది. ఒక అడ్రసు చెప్పి గుర్తుంచుకోమంది. నెల అడిగింది. నార్మన్ కిటికీలోంచి చూసి, "మే," అన్నాడు. మార్జరీ ఊపిరి వదిలింది. ఏడాది అడిగితే, "నా వయసులో ఏడాదులు లెక్కెట్టుకుంటూ కూర్చుంటే ఎలా తల్లీ, నీలాంటి కుర్రవాళ్ళు చూసుకోవాలి గానీ," అన్నాడు. డాక్టరు నవ్వింది, నవ్వుతూనే కాగితం మీద ఏదో పెట్టింది. ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే పదమూడు దాకా బ్రహ్మాండంగా వచ్చి, పదమూడు దగ్గర మిల్లు మెట్ల మీద జారినవాడిలా ఆగిపోయాడు. ఇందాకటి అడ్రసు చెప్పమంటే, "ఏ అడ్రసు? మేమెక్కడికీ మారడం లేదే," అని వెనక్కి తిరిగి, "మారుతున్నామా మార్జీ?" అన్నాడు. లేదు నార్మన్, అంది. ఆ ఒక్క మాట అనడానికి డాక్టరు అభ్యంతరం చెప్పలేదు.

"సరే హార్‌గ్రీవ్స్ గారూ. ఇప్పుడు సింహాసనం మీద ఎవరున్నారో చెప్తారా?"

మార్జరీ బ్యాగు పిడిని పట్టుకుంది. రాజు, నార్మన్. ఇదొక్కటి. నార్మన్ మోకాలి మీది టోపీ తీసి కుర్చీ పక్కన పెట్టాడు. కోటు కిందికి లాగి సరిచేసుకుని లేచి నిలబడ్డాడు, నడుము ఎంత నిటారుగా అయ్యిందంటే, ఇన్నాళ్ళూ వంగిపోయిందని ఆవిడ అనుకున్నది నడుమేనా అనిపించింది. కుడి చెయ్యి గుండె ఎత్తుకు లేచింది, వేళ్ళు లేని గ్లాసు చుట్టూ మూసుకున్నాయి. మొహం ఆ పాత మొహమైంది.

"రాజు గారు," అన్నాడు. "లాంకాస్టర్ డ్యూకు."

మార్జరీ గుండె ఒక్క గెంతు గెంతింది. రాజు అన్నాడు. వారం రోజుల పాఠం, ప్రతి పొద్దునా చెప్పిన చావు కబురు, ఊరికే పోలేదు, రాజు అన్నాడు. కానీ డాక్టరు మొహం చిట్లించి, కలం పట్టుకుని ఆలోచిస్తోంది. "డ్యూకా? రాజు గారు అన్నారు సరే, మళ్ళీ డ్యూకు అంటున్నారు. ఇద్దర్నీ కలిపేస్తున్నారేమో..."

"కలపడం లేదమ్మా," అంది మార్జరీ. మాట్లాడకూడదన్న సంగతి ఎక్కడికో పోయింది. "ఇక్కడ అంతే అంటారు. లాంకషైర్‌లో రాజే మాకు డ్యూకు. ఈయన బ్యాండు విందుల్లో యాభై ఏళ్ళు ఆ మాట అన్నాడు."

"మరి రాణి గారున్నప్పుడు?"

"అప్పుడూ డ్యూకే."

"మా కెంట్‌లో ఇవేవీ చెప్పలేదండీ," అని నవ్వేసింది డాక్టరు.

"కెంట్‌లో చాలా చెప్పరు తల్లీ," అన్నాడు నార్మన్, నిలబడే.

డాక్టరు గట్టిగా నవ్వి, కాగితం మీద టిక్కు పెట్టింది. కలం కదిలిన తీరు మార్జరీకి వెనకనుంచే కనబడింది, అది సున్నా కాదు, టిక్కే. "చాలా బాగా చెప్పారు. ఇంత బాగా నాకెవరూ చెప్పలేదు. కూర్చోండి." నార్మన్ కూర్చోలేదు. అలాగే నిలబడి, డాక్టరు వైపు కాస్త వంగి, పెద్దవాళ్ళ సంగతి పెద్దవాళ్ళతో మాట్లాడే పిల్లవాడిలా అడిగాడు.

"ఆయన దగ్గు తగ్గిందా?"

"రాజు గారికా? నయమవుతోందటండీ. మళ్ళీ పనుల్లోకి వచ్చారని మొన్న టీవీలో చూపించారు," అంది డాక్టరు. ఈ రాజుకూ ఒంట్లో బాగోలేదని చలికాలంలో చెప్పారు కదా, పెద్దాయన కనుక్కుంటున్నాడనుకుంది, కళ్ళలో మెచ్చుకోలు కనిపించింది.

కానీ ఈ రాజుకు దగ్గు ఉందని ఎవరూ అనలేదు. మార్జరీ చేతిలో బ్యాగు జారింది. దగ్గు. నార్మన్ ఏటా క్రిస్మస్ నాడు చెప్పే కథ, చెప్పి చెప్పి జిలియన్‌కు నోటికొచ్చిన కథ, ఎనిమిదేళ్ళ నార్మన్, వంటింట్లో రేడియో, క్రిస్మస్ మాట చెప్పడానికి అప్పటి రాజు, రాణి వాళ్ళ నాన్న, గొంతు విప్పితే బొంగురుగా, ఆగి ఆగి, మాట మాటకూ ఆయాసం. వాళ్ళ నాన్న ఇంటిల్లిపాదినీ లేపి నిలబెట్టాడు, చేతిలో జింజర్ బీరు గ్లాసు పెట్టాడు, అయిపోగానే రాజు గారు, లాంకాస్టర్ డ్యూకు అన్నాడు, పిల్లలందరూ తిరిగి అన్నారు, వాళ్ళమ్మ చేతులు తుడుచుకుంటూ, పాపం ఆ దగ్గు విన్నారా, ఎవరైనా ఆయన గుండెకు బాతు కొవ్వు రాస్తే బాగుణ్ను, అంది. ఆ ఫిబ్రవరిలోనే ఆయన పోయాడు. ఆ కబురు రాగానే బళ్ళో టీచరు పుస్తకం మూసేసిందట. నార్మన్‌కు ఇప్పుడు ఎదురుగా ఉన్నది కెంట్ పిల్ల కాదు, ఈ గది కాదు. ఆవిడ నేర్పిన రాజు కాదు అతని నోట్లోకి వచ్చింది. రాణి అంటూ ఇంకా ఎవరూ లేరక్కడ, రాణి లేకపోతే పెళ్ళి లేదు, మార్జీ లేదు, మిల్లు మెట్ల దగ్గర జుట్టుకు పత్తి అంటుకుని నిలబడ్డ ఆ పిల్లను అతను ఇంకా చూడనే లేదు.

టిక్కు పడిపోయింది. డాక్టరు కాగితం తిప్పుతోంది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఇవాళ్టికి ఆ పేరు పెట్టరు, ఇంటికి పోవచ్చు, జిలియన్‌తో అన్నీ చెప్పాడు, రాజు ఎవరో కూడా చెప్పాడు అనొచ్చు, అబద్ధం కూడా కాదు. ఏడాదిగా ఆవిడ చేస్తున్నది అదేగా. కానీ అతను ఆ వంటింట్లో ఒక్కడే ఉన్నాడు. తను నోరు మూసుకుంటే అక్కడే ఉండిపోతాడు, అక్కడికి పోయాడని కూడా ఎవరికీ తెలియదు, చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఎవరూ వెళ్ళరు. భయం వేసింది మార్జరీకి, ఈ ఏడాదిలో వేయనంత భయం, దానితో పాటే సిగ్గు కూడా వేసింది, ఇన్నాళ్ళూ తను కాపాడింది అతన్ని కాదు, తన్నే. కమిలిన చేత్తో కర్ర పట్టుకుని నిలబడ్డ ముసలావిడ కళ్ళ ముందు మెదిలింది. పని అంటే ఇదేనేమో.

"డాక్టరమ్మా," అంది. "ఏ రాజో అడగండి."

డాక్టరు తలెత్తి ఆవిడ మొహం చూసింది. తర్వాత మెల్లగా అతని వైపు తిరిగి, "హార్‌గ్రీవ్స్ గారూ, ఏ రాజు గారండీ?" అని అడిగింది.

నార్మన్ నవ్వాడు. తెలియని పిల్లకు చెప్పేటప్పటి నవ్వు, వేళాకోళం లేని నవ్వు. "ఏ రాజు అంటావేంటి తల్లీ, రాజన్నవాడు ఎప్పుడూ ఒక్కడే ఉంటాడు కదా," అన్నాడు. "జార్జి గారు."

కలం ఆ టిక్కు దగ్గరికి వెళ్ళి ఆగింది. నార్మన్ ఇంకా నిలబడే ఉన్నాడు, లేని గ్లాసు ఇంకా గుండె ఎత్తునే ఉంది, కళ్ళు గదంతా వెతుకుతున్నాయి. కూర్చోండి, ఫర్వాలేదు, అంది డాక్టరు మళ్ళీ. అతను వినలేదు. ఎందుకు కూర్చోవడం లేదో మార్జరీకి ఒక్కసారిగా తెలిసింది. రాజు పేరు చెప్పాక అందరూ తిరిగి అనాలి. అనేదాకా చెప్పినవాడు కూర్చోకూడదు. పాపం, అతను ఎదురుచూస్తున్నాడు.

ఆవిడ లేచింది. వెళ్ళి అతని పక్కన, వాళ్ళమ్మ నిలబడి ఉండే చోట నిలబడి, తనూ లేని గ్లాసు గుండె ఎత్తుకు ఎత్తింది.

"రాజు గారు," అంది. "లాంకాస్టర్ డ్యూకు."

అప్పుడు కూర్చున్నాడు నార్మన్.